నిమ్మకు మంగు, కూలీకి విషం

గూడూరు, పొదలకూరు, రాపూరు, సైదాపురం ప్రాంతాల్లో నిమ్మతోటే రైతుకు ఆదాయం, కూలీకి పని. కాయకు మంగు పట్టిందంటే రెండిటికీ దెబ్బే. లోపల రసానికి ఏ లోటూ ఉండదు. పైతోలు తుప్పు పట్టినట్టయిందని వ్యాపారి ధర తెగ్గోస్తాడు.

మంగు తెగులు కాదు, పురుగూ కాదు. అది నల్లి. మంచంలో నల్లి వేరు, ఇది వేరు. పురుగుకు ఆరు కాళ్లు, మామూలు పైరు నల్లికి ఎనిమిది, ఈ మంగు నల్లికి నాలుగే. కంటికి ఆనదు. భూతద్దంలో చూస్తే పసుపుపచ్చ నలుసులా కదులుతుంది. లేతకాయ తోలును గీరి రసం పీలుస్తుంది. మచ్చ మన కంటబడేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

కొట్టుకు పోతే ఏమంటారు? "పురుగు పట్టిందా, ఇది కొట్టు, డబ్బులు పంటకిద్దువులే" అని ఘాటుమందు అంటగడతారు. పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొడితే ఈ నల్లిని తినే మేలు నల్లులు, అక్షింతల పురుగులు ముందు చస్తాయి. మంగు నల్లి మళ్లీ విజృంభిస్తుంది. మళ్లీ మందు, మళ్లీ అప్పు! ఒకనాడు నల్లికి వాడిన డైకోఫాల్ డి.డి.టి. నుంచి తయారయ్యేదే. 2019లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని నిర్మూలించాల్సిన విషాల్లో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. పాత సీసా ఎవరైనా చేతిలో పెడితే తీసుకోవద్దు.

మరేం చేయాలి? పిందె గోలీకాయంత అయిన కాడ్నించే తోటలో అక్కడక్కడా భూతద్దంతో చూడాలి. నల్లి కనబడితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, కాయా ఆకూ బాగా తడిసేట్టు కొట్టాలి. మండుటెండలో కొట్టొద్దు, ఆకు మాడుతుంది. నూనె మందులతో కలపొద్దు.

గంధకం కూడా కళ్లు మండిస్తుంది. డబ్బా వీపున మోసేది ఆసామి కాదు, కూలీ. పిచికారీ చేసేవాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలని, వైద్య పరీక్షలు చేయించాలని 1971 నాటి నిబంధనల్లోనే రాశారు. కాగితం మీద రాస్తే సరా? మూతికి తువాలు కట్టుకుంటే విషం ఆగుతుందా? తన డబ్బా తానే మోసే కౌలురైతుకూ ఇదే గతి.

కూలి మాట్లాడుకునేటప్పుడే చేతి తొడుగులు, ముక్కుగుడ్డ, సబ్బు, నీళ్లు అడగండి. ఒక్కడు అడిగితే "రేపట్నించి రావొద్దు" అంటారు. వాడ వాడంతా అడిగితే కాదనే దమ్ము ఎవరికుంది? సుందరయ్య పుట్టి, వ్యవసాయ కూలీలను కూడగట్టిన అలగానిపాడు ఈ నెల్లూరు గడ్డ మీదే ఉంది. నిమ్మను కాపాడాల్సిందే. దాన్ని కాపాడే చేతుల్ని ముందు కాపాడుకోవాలి!