మీకు తెలుసా? ఎయిర్‌పోర్టులో పది రూపాయల టీ!

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ ప్రాంతం నుంచి విదేశాలకు బయలుదేరే తెలుగువారికి దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం కోల్‌కతాలోని దమ్‌దమ్. 2013లో తెరిచిన అక్కడి టెర్మినల్ పైకప్పు మీద బెంగాలీ అక్షరాలు. తలెత్తి చూడందే కదలబుద్ధి కాదు. జనం మనసు దోచింది మాత్రం చవక టీ! దేశంలో తొలి ‘ఉడాన్ యాత్రీ కేఫ్’ 2024 డిసెంబరులో ఇక్కడే మొదలైంది. టీ 10 రూపాయలు, మంచినీళ్ల సీసా 10, సమోసా 20. ఎయిర్‌పోర్టులో కాఫీ ధర చూసి జేబు తడుముకున్నవాళ్లకే దీని విలువ తెలుస్తుంది. 2025 ఆగస్టు నుంచి మెట్రో కూడా విమానాశ్రయం దాకా వెళ్తోంది. హౌరాలో రైలు దిగి మెట్రో ఎక్కితే సాధారణంగా ఎస్‌ప్లనేడ్‌లో ఒకసారి, నోవాపాడాలో ఇంకోసారి మారాలి. పెట్టెలు ఎక్కువుంటే టాక్సీయే నయం.