తీగ లేని వెలుగుబాట

కాంగో నదికి ఇరు ఒడ్డుల రెండు దేశాల రాజధానులున్నాయి: ఒకవైపు బ్రజావిల్, ఎదుట కిన్షాసా. ఒక నగరం నుండి మరొకటి కంటికి కనిపిస్తుంది. అయినప్పటికీ నది మహా లోతు, మహా వేగం గలది కావడం వల్ల, గాజు తంతువుల మార్గం 400 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగి రావలసి వచ్చింది. ఆ వ్యయభారం కిన్షాసాలో ఇంటర్నెట్ వాడుకునే సామాన్యుని మీదనే పడింది. 2021లో ఆల్ఫాబెట్ సంస్థకు చెందిన తారా బృందం నది మీదుగా, దాదాపు 5 కిలోమీటర్ల దూరం, కంటికి కనబడని కాంతిపుంజంతో సమాచారాన్ని పంపింది. 20 రోజులలో సుమారు 700 టెరాబైట్లు ఆ విధంగా నది దాటాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1880లోనే అలెగ్జాండర్ గ్రాహం బెల్, తన సహాయకుడు టెయింటర్‌తో కలిసి, సూర్యకాంతిపై మాటను ఎక్కించి వాషింగ్టన్ నగరంలో 213 మీటర్ల దూరం పంపగలిగాడు. నేడు సూర్యుని స్థానాన్ని లేజరు ఆక్రమించింది.

ఈ పద్ధతిలో గొప్ప సౌలభ్యాలున్నాయి. వీధులు తవ్వనక్కరలేదు. పుంజం అతి సన్ననిది కనుక ఇరుగుపొరుగు ప్రసారాలతో పేచీ ఉండదు. గాలికి కట్టడాలు కొద్దిగా ఊగినా, అద్దాలు తమంతట తామే గురి సరిచేసుకుంటాయి.

అయితే దీనికి పరమశత్రువు పొగమంచు. కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1.5 మైక్రాన్లు, మంచు బిందువుల పరిమాణం కొద్ది మైక్రాన్లు. రెండూ ఇంచుమించు ఒకే స్థాయివి కావడం చేత, అసంఖ్యాకమైన ఆ బిందువులు కాంతిని చెల్లాచెదరు చేస్తాయి. దట్టమైన మంచులో కిలోమీటరుకు 100 డెసిబెళ్ల నష్టం వాటిల్లవచ్చు. అంటే ప్రతి 100 మీటర్లకు కాంతి పదో వంతుకు పడిపోతుంది; కిలోమీటరు చివర మిగిలేది వెయ్యి కోట్లలో ఒక్క వంతు! వాన చినుకులు ఎంతో పెద్దవి, సంఖ్యలో తక్కువ. అవి కలిగించే నష్టమూ తక్కువే. మిల్లీమీటరు రేడియో తరంగాల తీరు ఇందుకు విరుద్ధం: అవి మంచును లెక్కచేయవు, జోరువానకు లొంగిపోతాయి. అందువల్లనే వివేకవంతులైన ఇంజనీర్లు ఈ రెంటినీ జోడిస్తారు.

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థతో కలిసి ఇటువంటి 2,000 వెలుగు లంకెల ఏర్పాటుకు ఒక పథకం ప్రకటితమైంది. అక్కడైనా, మరెక్కడైనా, కొలబద్ద ఒక్కటే. కాంగో నదిపై ఆ 20 రోజులలో లభించిన అందుబాటు 99.9 శాతం. ఏడాది పొడవునా అంతే ఉన్నా, దాదాపు 9 గంటల మౌనం తప్పదు. ఉత్తరాలకు, చలనచిత్రాలకు అది పెద్ద లోటు కాదు; ఆసుపత్రికి మాత్రం ఆ 9 గంటలే ముఖ్యం. కనుక వెలుగుబాటను తూచవలసింది నిర్మలాకాశం గల నాడు కాదు, ఎదుటి ఒడ్డు కనిపించని నాడు.