ఈశాన్య వర్షములకు ముందు తేనెపెట్టెయు రాణి ఈగయు

శీతల దేశములలో వ్రాయబడిన తేనెటీగల గ్రంథములు మంచు పడక పూర్వమే పెట్టెలను సిద్ధపఱచుకొనుమని చెప్పుచుండును. మన తడ ప్రాంతమున మంచు బాధ లేదు. మన ఈగలకు కష్టకాలము ఈశాన్య వర్షములతో వచ్చును. అక్టోబరు నడుమనుండి డిసెంబరు వఱకు వానలు పట్టినచో అవి దినముల తరబడి పెట్టె విడువజాలవు. పూలలోని మకరందము నీట కొట్టుకొనిపోవును. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానునాటి వానలను మన రైతులు మఱచియుండరు. అట్టి దినములలో ఈగలకు ఆధారము పెట్టెలోని నిలువ తేనెయే.

విస్తారముగా గ్రుడ్లుపెట్టు రాణి యున్నచో పెట్టెకు భయము లేదని పలువురు తలంతురు. మేము అట్లు తలంపము. నిలువ లేనప్పుడు అట్టి పెట్టెకే ముందుగా ముప్పు వచ్చును; ఏలయన పిల్లలు హెచ్చు, తిండి తక్కువ. మన నాటు తొర్ర తేనెటీగ ఆకలికి తాళలేక పట్టులను విడిచి, రాణితో కూడ లేచిపోవును. దీపావళి ఖర్చులకని కడపటి చట్రము వఱకు పిండుకొన్నవారికి కార్తికమున మిగులునది ఖాళీ పెట్టె. కావున పై అరలోని తేనెను తీసికొన్నను, పిల్లలుండు క్రింది అరలోని తేనెను ముట్టరాదు.

రాణిని పరీక్షించుటకు ఆమెను వెదకి పట్టుకొన నక్కఱలేదు. ఎండగానున్న ఉదయమున నడిమి చట్రము నెత్తి చూడవలెను. గదికొక గ్రుడ్డు చొప్పున అడుగున నిలిచియుండి, మూతవేసిన పిల్లగదులు సందులేక వరుసగానున్నచో రాణి మంచిది. పిల్లగదులు చెదరియున్నచో రాణి ముసలిదైనదని అనుమానింపవచ్చును. ఒకే గదిలో పలు గ్రుడ్లు, గోడల కంటుకొని కూడ నున్నచో రాణియే లేదు. పని ఈగలే గ్రుడ్లు పెట్టుచున్నవి. వానినుండి పోతుటీగలు తప్ప పుట్టవు.

రాణిని మార్చుటకు కాలము లెక్కింపవలెను. గ్రుడ్డునుండి రాణి వెలువడుటకు పదునైదు పదునాఱు దినములు. పిమ్మట ఆమె ఆకాశమున నెగిరి పోతుటీగలతో కలిసి గ్రుడ్లు పెట్టుటకు మఱి వారము పదిదినములు. వానలో ఆమె యెగురజాలదు. అట్లు కలియని రాణి పోతుటీగలనే కనును. అందుచే ఈ పని సెప్టెంబరు మొదటి వారముననే ప్రారంభింపవలెను. ముసలి రాణిని తీసివేసి, మీ పెట్టెలలో మిక్కిలి మంచి రాణిదైన గ్రుడ్లచట్రము నొకదానిని ఆ పెట్టెలో నుంచుడు. ఈగలు రాణిగదులను కట్టును. ఒకటి రెండు మంచివానిని మాత్రము నిలిపి, తక్కినవానిని తీసివేయవలెను.

గడువు దాటినచో క్రొత్త రాణిపై ఆశ విడిచి, రాణిలేని పెట్టెను రాణియున్న పెట్టెతో కలుపుట మేలు. రెండు అరల నడుమ సన్నని రంధ్రములు పొడిచిన వార్తాపత్రిక నుంచినచో, ఈగలు దానిని కొఱికి తొలగించులోపల వాసనలు కలిసి పోట్లాట తగ్గును. కాని పిల్లపురుగులు నీటిసంచులవలె చచ్చియున్న పెట్టెను దేనితోను కలుపరాదు. 1991, 1992 సంవత్సరములలో దక్షిణదేశపు పెట్టెలను తుడిచిపెట్టిన రోగమిదియే.

నిలువ చాలనిచో రెండు పాళ్లు పంచదారకు ఒక పాలు నీరు చేర్చిన పాకమును సాయంకాలమున పెట్టెలోపలనే పెట్టవలెను. పగలు బయట పెట్టినచో పొరుగు పెట్టెల ఈగలు దోపిడికి దిగును. ఈగలు కప్పని పట్టులను తీసివేయుడు. మైనపు పురుగు చేరునది వానియందే.

మనము వాడు ఏడు చట్రముల పెట్టె, 1910 ప్రాంతమున తిరుచిరాపల్లి ప్రాంతమున న్యూటన్ అను క్రైస్తవ గురువు మన చిన్న ఈగ కొలతకు తగినట్లు రూపొందించినది. దానిని కొంచెము ముందునకు వాల్చి నిలిపినచో నీరు లోపల నిలువదు. మూతపై రాయి, కాళ్ల క్రింద చీమలకు నీటిపళ్లెములు, ఇరుకు చేసిన ద్వారము ఉండవలెను. వాన కురియునప్పుడు మూత తీయక, వెనుక ప్రక్కను చేతితో కొంచెము ఎత్తి బరువు చూచుకొనుడు. తేలికైనచో తెఱపి దొరికిన సాయంకాలము మరల పాకము పోయవలెను. సంక్రాంతి దాటి మామిడి పూయువఱకు ఈ జాగ్రత్త తప్పదు.