మీ షాపుకి ఏ రకం లోగో? ముందు వాట్సాప్ డీపీలో పెట్టి చూడండి

మా బావ దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కాంప్లెక్స్ మెట్ల కింద కౌంటర్ పెట్టుకుని ఏడేళ్లు ఫోన్లు రిపేర్ చేశాడు. ఈ మధ్యే చిట్టీ పాడి ఎల్‌బీనగర్‌లో షాపు తీసుకున్నాడు. మెట్రోలో మూడు స్టేషన్ల దూరమే. కానీ పాత కస్టమర్లు వెతుక్కుంటూ రావాలి కదా! అందుకే 3,000 రూపాయలిచ్చి ఒకరితో లోగో చేయించాడు. బంగారు రంగులో నరసింహస్వామి, పక్కన ఫోన్, దాని మీద స్క్రూడ్రైవర్, చుట్టూ గుండ్రంగా షాపు పూర్తి పేరు.

బోర్డు పెట్టిన వారానికే ఓ పాత కస్టమర్ ఫోన్ చేశాడు. "నిన్న మీ షాపులో డిస్‌ప్లే వేయించా, ఇవాళ టచ్ పోయింది" అని గొడవ. తీరా చూస్తే ఆయన ఫోన్ ఇచ్చింది అదే రోడ్డులో ఇంకో షాపులో. కౌంటర్లో ఉన్న కుర్రాడు మా బావ మనిషే అనుకున్నాడట. ఆ బోర్డు మీదా అదే ఫోన్, అదే స్క్రూడ్రైవర్! గూగుల్ లెన్స్‌లో వెతికితే తేలింది, అది ఎవరైనా ఫ్రీగా దించుకోగల టెంప్లేట్.

"ఏంది బామ్మర్దీ, ఫోన్ల గురించి అంత చదువుతవ్, గిది చూడవా" అన్నాడు బావ. చూశా. లోగో అందంగా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. మన పేరుకి ఏ రకం సరిపోతుందన్నదే మొదటి ప్రశ్న.

లోగోల్లో రకాలు

* వర్డ్‌మార్క్: పేరే లోగో. శాంసంగ్, నోకియా ఇలాంటివే. 2023లో నోకియా అక్షరాల రూపం మార్చింది కానీ పేరును వదల్లేదు. పేరు చిన్నదైతే ఇది బెస్ట్.
* లెటర్‌మార్క్: పొడుగు పేరుకి పొట్టి రూపం. హ్యూలెట్ ప్యాకర్డ్ కాస్తా హెచ్‌పీ అయింది. షావోమీ "ఎంఐ" కూడా అంతే. 2021లో జపాన్ డిజైనర్ కెన్యా హరా దాని మూలల్ని గుండ్రంగా మార్చారు, అక్షరాలు మాత్రం అవే.
* గుర్తు మాత్రమే: యాపిల్ మొదటి లోగో 1976లో చెట్టు కింద న్యూటన్ బొమ్మ, నిండా సన్న గీతలు. మరుసటి ఏడాదే రాబ్ జానాఫ్ గీసిన కొరికిన యాపిల్ వచ్చింది. అయినా మొదట్లో దాని పక్కన పేరు రాసేవాళ్లు. కొత్త షాపు ఒట్టి గుర్తుతో మొదలుపెడితే ఎవరూ గుర్తుపట్టరు.
* ఎంబ్లమ్: ముద్రలాంటిది. 2014లో వచ్చిన తెలంగాణ రాజముద్ర చూడండి, కాకతీయ తోరణం, మధ్యలో చార్మినార్. ప్రభుత్వ కాగితం మీద హుందాగా ఉంటుంది. కానీ చిన్న సైజులో వివరాలు కలిసిపోతాయి. బావ చేయించుకున్నది ఈ రకమే.
* కాంబినేషన్: గుర్తు, పేరు రెండూ. వన్‌ప్లస్ ఇలాగే వాడుతుంది. బోర్డు మీద రెండూ, డీపీలో గుర్తు ఒక్కటే. కొత్త వ్యాపారానికి నా ఓటు దీనికే.

డబ్బులిచ్చే ముందు మూడు టెస్టులు

1. డీపీగా పెట్టి వాట్సాప్ చాట్ లిస్టులో చూడండి. గుండ్రంగా కట్ అవుతుంది, సైజు వేలి గోరంత. బావ లోగో పసుపు ముద్దలా కనిపించింది. రేపు యాప్ చేయించినా ఇదే సమస్య. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8.0 నుంచి ఐకాన్ గుండ్రమా, చతురస్రమా అన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది.
2. బిల్లు ప్రింటర్‌లో తీయండి. అందులో నలుపు ఒక్కటే. బంగారు షేడింగ్ అక్కడ మసే.
3. రోడ్డుకి అవతలి నుంచి ఫొటో తీయండి. మన రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు. రెండు పిల్లర్ల సందులోంచి బైక్ మీద వెళ్లేవాడికి బోర్డు కనిపించేది ఒకటి రెండు క్షణాలే.

చివరికి ఏం చేశాం

కస్టమర్లు బావ నంబర్ ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో అడిగాం. చాలామంది ఫోన్లలో ఉన్నది "ఫోన్ అన్న". షాపు పూర్తి పేరు ఒక్కరికీ గుర్తులేదు! సో, బోర్డు మీద పెద్దగా "ఫోన్ అన్న", కింద చిన్నగా పూర్తి పేరు. డీపీలో గుండ్రటి ఎరుపు మీద తెల్లటి "ఫో" మాత్రమే.

ఇక్కడ తెలుగు అక్షరాలతో ఓ జాగ్రత్త. మొదటి డిజైన్‌లో "ఫ" కింది గీత సన్నగా ఉండి, చిన్న సైజులో మాయమైంది. అంటే కస్టమర్‌ని "పో" అంటున్నట్టే! గీత లావు చేయించాం. "న్న" కింది ఒత్తుకీ సరిపడా ఖాళీ వదిలించాం.

ఇంకో రెండు మాటలు. జేపీజీ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి, ఎస్‌వీజీ లాంటి వెక్టర్ ఫైల్ అడగండి. ఎంత పెద్ద ఫ్లెక్సీ వేసినా పగలదు. అలాగే ట్రేడ్‌మార్క్ సైట్‌లో అలాంటి పేరు ముందే ఉందేమో ఫ్రీగా వెతకొచ్చు. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేసుకోవచ్చు.

టచ్ పోయిన కస్టమర్ మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా మా బావ షాపుకే. మీరూ డిజైనర్‌కి ఫోన్ చేసే ముందు ఓ ఐదుగురు కస్టమర్లను అడగండి: "నా నంబర్ ఏ పేరుతో సేవ్ చేసుకున్నారు?"