గొంతులో దాగే గనేరియా

షాబాద్‌లోనో చేవెళ్లలోనో గొంతు నొప్పి పట్టుకుంటే ముందు గుర్తొచ్చేది ఉప్పునీళ్ల పుక్కిలింత. తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గరికో మెడికల్ షాపుకో వెళ్తారు, అజిత్రోమైసిన్ మాత్రలు చేతిలో పడతాయి. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే కాబట్టి మందు పని చేసినా చేయకపోయినా నాలుగు రోజుల్లో నొప్పి పోతుంది. ఈ మొత్తం తంతులో ఓరల్ సెక్స్ ప్రస్తావన మాత్రం రాదు. అడగడానికి మందిచ్చేవాళ్లకు మొహమాటం, చెప్పడానికి రోగులకు సిగ్గు.

గనేరియా అనగానే మూత్రంలో మంట, చీము గుర్తొస్తాయి. ఊళ్లో సెగ రోగం అనేది దీన్నే. 1879లో ఆల్బర్ట్ నైసర్ అనే జర్మన్ వైద్యుడు గుర్తించిన గనేరియా బ్యాక్టీరియా ఓరల్ సెక్స్ వల్ల గొంతులోకీ చేరుతుంది. చేరినా చాలామందికి ఏమీ తెలియదు. కొందరికి గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ఉంటాయి. నోరు తెరిపించి టార్చి వేసి చూసినా మామూలు టాన్సిల్ నొప్పికీ దీనికీ తేడా కనపడదు. కొన్ని నెలలకు దానంతటదే పోవచ్చు కూడా. ఈలోగా ఇంకొకరికి అంటుకుంటుంది. ఒకే గ్లాసులో నీళ్లు తాగితేనో ఒకే కంచంలో తింటేనో మాత్రం రాదు.

సుఖవ్యాధులకు ప్రభుత్వం సురక్ష క్లినిక్‌లు నడుపుతోంది. మందులు ఉచితం. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి అక్కడికక్కడే కిట్ ఇవ్వడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. చీము కారుతుంటే బూడిద రంగు కిట్: అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ మాత్రలు. మళ్లీ రాగలరో లేదో తెలియని కూలీలకు ఇది మంచి ఏర్పాటే. చిక్కల్లా గొంతుతోనే. అక్కడ చీము కారదు, కాబట్టి కిట్ దాకా వ్యవహారం వెళ్లదు. వెళ్లినా సెఫిక్సిమ్ గొంతులో అంత గట్టిగా పని చేయదు.

తేల్చాలంటే స్వాబ్ తీయాలి. పొడవాటి పుల్లను టాన్సిళ్ల మీద, కొండనాలుక వెనక రుద్దుతారు. ఓ క్షణం డోకు వస్తుంది, అంతే. మైక్రోస్కోపుతో ఇక్కడ లాభం లేదు, గొంతులో సహజంగా ఉండే ఇతర నైసీరియా జాతి సూక్ష్మజీవులు అచ్చం గనేరియా బ్యాక్టీరియాలాగే కనిపిస్తాయి. అందుకే జన్యుపదార్థాన్ని పట్టే న్యాట్ పరీక్ష కావాలి. మొయినాబాద్ దగ్గర భాస్కర్ మెడికల్ కాలేజీ ఉంది, హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. వెళ్లేముందు గొంతు స్వాబ్‌కు న్యాట్ చేస్తారో లేదో కనుక్కోవడం మేలు.

చికిత్స సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచించే మోతాదు కండరంలోకి ఒక్కసారి 500 మిల్లీగ్రాములు. మన దగ్గర ఎంతన్నది డాక్టరు నిర్ణయిస్తారు. గొంతు కేసుల్లో 7 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోమని సీడీసీ ప్రత్యేకంగా చెబుతుంది. కారణం లేకపోలేదు. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని తొలి రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో బయటపడింది, అదీ ఒక మహిళ గొంతులో. 2018లో బ్రిటన్‌లో ఒకతనికి ఇంజెక్షన్ వేశాక కూడా గొంతులో బ్యాక్టీరియా మిగిలింది. మందు మార్చితే మర్మాంగం దగ్గర పోయింది, గొంతులో పోలేదు. చివరికి ఎర్టాపెనెమ్ అనే శక్తిమంతమైన మందుతో నయమైంది. గొంతులోకి మందులు సరిగా చేరవు. పైగా అక్కడి నైసీరియాల నుంచి ఈ బ్యాక్టీరియా మందుల్ని తట్టుకునే జన్యువుల్ని తెచ్చుకోగలదు. ప్రతి గొంతు నొప్పికీ అజిత్రోమైసిన్ మింగడం అలాంటి జన్యువులకు ఎరువేసినట్టే.

పుక్కిలిస్తే పోదా అంటే, పోదు. లిస్టరిన్ మౌత్‌వాష్‌ను ఒకప్పుడు గనేరియాకు మందుగా కూడా అమ్మారు. ఈ మధ్య ఆస్ట్రేలియాలో పురుషుల మీద 12 వారాలు పరీక్షించి చూస్తే, ఆ మౌత్‌వాష్ గొంతు గనేరియాను తగ్గించలేదు.

కండోమ్ ఓరల్ సెక్స్‌కూ అవసరమే. గనేరియా తేలితే గత 60 రోజుల్లో కలిసిన భాగస్వాములకూ చికిత్స చేయించాలి, అందరి చికిత్స అయ్యాక 7 రోజులు దూరంగా ఉండాలి. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవాలి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ముఖాముఖి చెప్పలేకపోతే ముందు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, కాల్ ఉచితం.