డెలివరీ 90 రోజులంట అన్నా, తీసుకోవచ్చా?

పోయిన వారం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, ఏసిక్ మైనర్ ఒకటి ప్రీఆర్డర్‌లో దొరుకుతోంది. సగం అడ్వాన్స్ కట్టాలి. డెలివరీ 90 రోజులంట. తీసుకోవచ్చా?" కింద స్పెక్ షీట్ ఫోటో. 200 టెరాహాష్, 3,500 వాట్లు.

పంపింది గుంటూరు కుర్రాడు. 2022లో బీటెక్ సెకండియర్‌లో ఉండగా నా దగ్గర ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. ఆ అమ్మకం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. మనం ఫోన్ కొనేటప్పుడు చూసినట్టే అతను కూడా స్పెక్ షీట్ చూశాడు. స్పీడు ఎంత, కరెంటు ఎంత, ధర ఎంత. నా కన్ను మాత్రం ఆ 90 రోజుల దగ్గరే ఆగిపోయింది.

ఫోన్ రెండు నెలలు ఆలస్యమైతే చిరాకేస్తుంది. అంతే. వచ్చాక అదే కెమెరా, అదే బ్యాటరీ. మైనర్ అలా కాదు. అది పెట్టెలో ఉన్నా, ఓడలో ఉన్నా, కస్టమ్స్ గోడౌన్‌లో ఉన్నా దాని సంపాదన రోజురోజుకీ కరిగిపోతూనే ఉంటుంది. ఎందుకంటే బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో ఎంతమంది మైనింగ్ చేసినా సగటున పది నిమిషాలకి ఒక బ్లాకే వస్తుంది. ప్రతి 2016 బ్లాకులకి ఒకసారి, అంటే దాదాపు రెండు వారాలకి, నెట్‌వర్క్ తన డిఫికల్టీని సరిచేసుకుంటుంది. కొత్త మిషన్లు ఎక్కువైతే లెక్క కష్టమవుతుంది. అన్నం గిన్నె ఒకటే, పంక్తిలో విస్తళ్ళు పెరుగుతున్నాయి అనుకోండి. మీరు ఆలస్యంగా కూర్చుంటే మీ వాటా ఎంతో మీకే తెలుస్తుంది.

2013లో ఏం జరిగింది

దీనికి 2013ని మించిన ఉదాహరణ లేదు. అంతకు ముందు బిట్‌కాయిన్‌ని గ్రాఫిక్స్ కార్డులతో, ఎఫ్‌పీజీఏ బోర్డులతో తవ్వేవాళ్ళు. ఏసిక్ అంటే మైనింగ్ లెక్క తప్ప ఇంకేమీ చేయలేని చిప్. ఆ ఒక్క పని మాత్రం ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. 2012 జూన్‌లో అమెరికాలోని కాన్సస్‌కి చెందిన బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ ఏసిక్ మిషన్లకి ముందే డబ్బు కట్టించుకోవడం మొదలుపెట్టింది. అన్నిటికంటే చిన్నదాని పేరు జలపెన్యో, ధర 149 డాలర్లు. పెద్ద రిగ్గు 29,899 డాలర్లు. ఆ ఏడాది చివరికల్లా పంపేస్తామన్నారు. మిషన్లు బయటికి రావడం మొదలైందే 2013లో, అదీ చుక్కచుక్కగా.

ఇక్కడ నేను లెక్క వేసి చూశాను. మీరూ వేసుకోవచ్చు, అప్పటి డిఫికల్టీ అంకెలు బ్లాక్‌చెయిన్‌లోనే ఉన్నాయి. జలపెన్యో చివరికి 5 గిగాహాష్ స్పీడుతో వచ్చింది. 2012 నవంబర్ 28 తర్వాత బ్లాక్‌కి బహుమతి 25 కాయిన్లు. 2013 జనవరిలో డిఫికల్టీ 30 లక్షల దగ్గర ఉంది. ఆ రోజుల్లో ఈ బుల్లి మిషన్ మీ టేబుల్ మీద ఉంటే రోజుకి 0.8 బిట్‌కాయిన్ పైగా వచ్చేది. జూన్ మధ్యకి డిఫికల్టీ 1.93 కోట్లు, రోజుకి 0.13. అక్టోబర్ మొదట్లో 18.9 కోట్లు, రోజుకి 0.013. డిసెంబర్ చివర్లో 118 కోట్లు, రోజుకి 0.002. అదే మిషన్, అదే స్పీడు, అదే కరెంటు. పన్నెండు నెలల్లో సంపాదన దాదాపు నాలుగు వందల వంతుకి పడిపోయింది.

కాయిన్ ధర పెరిగింది కదా అంటారేమో. పెరిగింది, జనవరిలో 13 డాలర్ల దగ్గర ఉన్నది డిసెంబర్‌లో 600 దాటింది. అయినా రోజు సంపాదన పది డాలర్ల పైనుంచి డాలరున్నరకి దిగింది. ఇంకో రకంగా చూడండి. 2012 జూన్‌లో ఆ 149 డాలర్లకి దాదాపు 23 బిట్‌కాయిన్లు వచ్చేవి. అదే మిషన్ 2013 అక్టోబర్‌లో చేతికొచ్చిన వాడికి దాని జీవితకాలంలో ఒక్క కాయిన్ కూడా పూర్తిగా రాలేదు. ఇది రాస్తుంటే నాకే కడుపులో తిప్పుతోంది.

అదే సమయంలో ముందు అందుకున్న వాడి పరిస్థితి చూడండి. అవలాన్ అనే చైనా టీం మొదటి బ్యాచ్‌లో 300 మిషన్లు, ఒక్కోటి 1,299 డాలర్లకి అమ్మింది. 2013 జనవరి చివర్లో మొదటి మిషన్ బిట్‌కాయిన్ డెవలపర్ జెఫ్ గార్జిక్‌కి చేరింది. దాని స్పీడు 66 గిగాహాష్ అనుకుంటే ఆ రోజు డిఫికల్టీకి రోజుకి సుమారు పది కాయిన్లు. వారం పది రోజుల్లోనే మిషన్ డబ్బు తిరిగొచ్చేసినట్టు. అంటే 2013లో జనం కొన్నది నిజానికి మిషన్‌ని కాదు, క్యూలో ఒక నంబర్‌ని.

అందుకే నంబర్ల మీదే బేరాలు జరిగాయి. ఇంకా తయారే కాని మిషన్ల ప్రీఆర్డర్లని జనం ఈబేలో ఒకరికొకరు అమ్ముకున్నారు. ఆర్డర్ తేదీ ఎంత పాతదైతే రేటు అంత ఎక్కువ. చేతిలో మిషన్ ఉన్నవాడు కొన్న ధరకి ఎన్నో రెట్లు అడిగాడు, ఇచ్చేవాళ్ళు ఇచ్చారు. కొన్నవాడు ఇవాళ్టి డిఫికల్టీతో లెక్క వేసుకుంటాడు, అమ్మేవాడు రెండు నెలల తర్వాతి డిఫికల్టీ ఊహించుకుని అమ్మేస్తాడు. లాభమంతా ఆ రెండు లెక్కల మధ్యలో ఉంది.

బటర్‌ఫ్లై ల్యాబ్స్ కథ కోర్టుకెక్కింది. 2013 సెప్టెంబర్ నాటికి 20,000 మందికి పైగా కస్టమర్లకి మిషన్లు అందలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పింది. 2014 సెప్టెంబర్‌లో కోర్టు ఆదేశంతో కంపెనీని ఆపించింది. ఆలస్యం వల్ల కొన్ని మిషన్లు గదిని వెచ్చబెట్టే హీటర్‌లా తప్ప పనికిరావని కంపెనీ మనిషే ఒకరు అన్నట్టు కమిషన్ ప్రకటనలో ఉంది. 2016లో సెటిల్‌మెంట్ అయింది. కాగితం మీద 3.86 కోట్ల డాలర్ల తీర్పు, అందులో చాలా భాగం కట్టే స్తోమత లేదని నిలిపేశారు.

హాష్‌ఫాస్ట్ కథ ఇంకో రకం. 2013 ఆగస్టులో కాయిన్ వంద డాలర్ల చుట్టూ ఉండగా జనం బిట్‌కాయిన్లలోనే డబ్బు కట్టారు. డిసెంబర్ 31 లోపు రాకపోతే రీఫండ్ అన్నారు. మిషన్లు టైముకి రాలేదు. రీఫండ్ డాలర్లలో ఇస్తామన్నారు. అప్పటికి కాయిన్ 700 డాలర్లు దాటి ఉంది. కట్టిన కాయిన్లు ఇవ్వాలా, కట్టిన రోజు విలువ ఇవ్వాలా అన్న గొడవ తేలకుండానే 2014లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అందుకే రీఫండ్ అనే మాట కనిపిస్తే "దేంట్లో?" అని అడగండి.

నా మూడు కార్డులు

ఇదంతా నాకు 2021లో కూడా తెలుసు. తెలిసే కొన్నాను.

2021 ఏప్రిల్‌లో గ్రాఫిక్స్ కార్డుల కరువు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఈథర్‌ని గ్రాఫిక్స్ కార్డులతోనే తవ్వేవాళ్ళు. 399 డాలర్ల లాంచ్ ధర ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 టీఐని సికింద్రాబాద్‌లో ఒక షాపులో 68,000 చెప్పారు. మూడు కావాలన్నాను. సగం అడ్వాన్స్. "మూడు వారాల్లో వచ్చేస్తది సార్, కంటెయినర్ బయల్దేరింది" అన్నాడు. ఆ రోజు కాలిక్యులేటర్ ఒక్కో కార్డుకి రోజుకి 500 రూపాయలు చూపించింది. ఒక్కో కార్డు 60 మెగాహాష్ తవ్వుతుంది కాబట్టి నాలుగున్నర నెలల్లో డబ్బు వెనక్కి అనుకున్నాను.

మే 12న ఈథర్ 4,300 డాలర్లు దాటింది. నా కార్డులు రాలేదు. మే 19న ఒక్క రోజులో 2,000 కిందకి పడొచ్చింది. నా కార్డులు రాలేదు. ఫోన్ చేస్తే "రేపు సార్" అనేవాడు. ఆ 'రేపు' జులై రెండో వారంలో వచ్చింది.

డబ్బాలు చూశాక అసలు దెబ్బ తెలిసింది. మూలన ఎల్‌హెచ్‌ఆర్ అని చిన్న స్టిక్కర్. లైట్ హాష్ రేట్. నేను ఆర్డర్ ఇచ్చాక, మే నెలలో, మైనర్లని తగ్గించడానికి ఎన్‌విడియా ఈ కార్డుల ఈథర్ స్పీడుని సగానికి కట్టేసి అమ్మడం మొదలుపెట్టింది. ఏప్రిల్ సరుకు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే 60 మెగాహాష్. జులైలో వచ్చింది కాబట్టి 30. షాపతన్ని అడిగితే "కార్డు అదే కదా సార్, గేమ్స్‌కి ఏం తేడా ఉండదు" అన్నాడు. అది నిజమే. అందుకే నాకు వాదించడానికి నోరు రాలేదు. మిగతా సగం కట్టకపోతే అడ్వాన్స్ పోతుంది. కట్టాను.

లెక్క మళ్ళీ వేస్తే కార్డుకి రోజుకి 110 రూపాయలు. రెండు కార్డులు వారంలోనే గేమర్లకి ఒక్కోటి 60,000కి అమ్మేశాను. కరువు ఇంకా ఉంది కాబట్టి బతికిపోయాను. మూడోది ఉంచుకున్నాను. ఎందుకంటే ఆశ.

2022 మేలో ఎల్‌హెచ్‌ఆర్ తాళాన్ని పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్ బయటికొచ్చింది. నా కార్డు మళ్ళీ 60 కొట్టింది. వెంటనే అమ్మకానికి పెట్టాను, "ఫుల్ అన్‌లాక్" అని రాసి. 36,000. గుంటూరు నుంచి ఈ కుర్రాడు ఫోన్ చేశాడు.

"రోజుకి ఎంతొస్తుంది అన్నా?"

"ఇవాళ్టి లెక్క ప్రకారం వంద రూపాయల పైనే."

"అంటే ఏడాదిలో డబ్బులు వచ్చేస్తాయి కదన్నా. మరి ఆ మెర్జ్ అంటున్నారు, మైనింగ్ ఆగిపోతుందంట?"

"ఎన్నేళ్ళ నుంచో అంటున్నారు తమ్ముడూ, ప్రతిసారీ వాయిదానే."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇవాళ్టి లెక్క అన్నాను, నిజంగానే ఇవాళ్టి లెక్క. మెర్జ్ చాలాసార్లు వాయిదా పడింది, అదీ నిజమే. కానీ ఈసారి అది దగ్గరపడిందని నేను అనుకుంటున్నాను కాబట్టే కార్డు అమ్మకానికి పెట్టాను. ఆ మాట చెప్పలేదు. సికింద్రాబాద్ షాపతను నాతో మాట్లాడినట్టే నేను అతనితో మాట్లాడాను.

2022 సెప్టెంబర్ 15న మెర్జ్ జరిగింది. ఈథర్ మైనింగ్ ఆ రోజుతో అయిపోయింది. జూన్‌లోనే ఈథర్ వెయ్యి డాలర్ల దగ్గరికి పడింది కాబట్టి మొత్తం మీద కుర్రాడికి ఏడు వేల చిల్లర వచ్చిందట, కరెంటు తీయకముందు. ఆ నెలలో సెకండ్ హ్యాండ్ మార్కెట్ నిండా మైనింగ్ కార్డులే. ఇరవై వేలకి అడిగారట. అమ్మలేదు, గేమ్స్ ఆడుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ 200 టెరాహాష్ సంగతి

ఈసారి ఫోన్ చేసి మాట్లాడాను. 3,500 వాట్లంటే రోజుకి 84 యూనిట్లు. నెలకి 2,500 యూనిట్లు వాడే ఇంటికి పై స్లాబ్ పడుతుంది, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా రోజుకి 840. 2024 ఏప్రిల్ నుంచి బ్లాక్ బహుమతి 3.125 కాయిన్లే. మన ఇంటి కరెంటు రేటుకి ఆ మిషన్ బిల్లు కట్టుకోవడమే గగనం. పైగా వచ్చిన కాయిన్ అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్ సామగ్రికి పెట్టిన ఖర్చుని కొన్న ధర కింద చూపించుకోవడం కుదరదని 2022 మార్చిలో కేంద్రం లోక్‌సభలోనే చెప్పింది. ఇవన్నీ మిషన్ రేపే వచ్చేస్తే పడే లెక్కలు.

"మీ ఇంటికి శాంక్షన్డ్ లోడ్ ఎంత తమ్ముడూ?"

"రెండు కిలోవాట్లు అన్నా."

"90 రోజులని బిల్లు మీద తారీఖు వేసి రాసిస్తాడా? దాటితే అడ్వాన్స్ వెనక్కి ఇస్తాడా?"

"సుమారు 90 రోజులు అని ఉందన్నా. నాన్ రిఫండబుల్ అంట."

కాలిక్యులేటర్‌లో ఇవాళ్టి డిఫికల్టీ తీసేసి నెలకి నాలుగు శాతం పెంచి ఆరు నెలల తర్వాతిది వేయమన్నాను. 90 రోజులన్నది నూట ఎనభై అవుతుందనే లెక్క. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"అన్నా, ఒకటి అడగనా? కార్డు అమ్మేటప్పుడు ఇవన్నీ చెప్పలేదేంటి?"

"అప్పుడు నాకు కార్డు అమ్ముడుపోవాలి తమ్ముడూ" అన్నాను.

నవ్వాడో ఏమో తెలీలేదు. "సర్లే అన్నా" అని పెట్టేశాడు. పొద్దున మెసేజ్ ఉంది. అడ్వాన్స్ కట్టలేదంట.