‘మంచు’ అంటే ఏ మంచు? పదో తరగతి అమెరికన్ కవితలకు ఇంటి భాషే సాయం

ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతి పిల్లలు ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’ చదువుతున్నారు. అందులో రాబర్ట్ ఫ్రాస్ట్, కార్ల్ శాండ్‌బర్గ్, జాన్ బెరీమన్ లాంటి అమెరికన్ కవుల కవితలు ఉన్నాయి. కవితలు చిన్నవే. ‘డస్ట్ ఆఫ్ స్నో’ 8 లైన్లు, ‘ఫైర్ అండ్ ఐస్’ 9 లైన్లు, ‘ఫాగ్’ 6 లైన్లు. అయినా పిల్లలు వీటి దగ్గరే తడబడుతుంటారు. “మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చెప్తాం?” అని అమ్మీ, అబ్బా పక్కకు తప్పుకుంటారు. నిజానికి ఇక్కడ వాళ్లు చేయగలిగింది చాలా ఉంది.

అసలు చిక్కు ‘మంచు’ అనే ఒక్క మాటలో ఉంది. స్నో, ఐస్, ఫ్రాస్ట్, డ్యూ, ఇవన్నీ తెలుగులో మంచే. ఫాగ్ కూడా పొగమంచే. గైడులో ‘మంచు’ అని చూసి బట్టీ పట్టిన పిల్లాడికి ఏ కవితలో ఏ మంచు ఉందో తెలియదు. ఉర్దూ తెలిసిన ఇంట్లో ఈ ముడి సగం విడిపోతుంది. ఫాగ్ అంటే కోహ్రా, డ్యూ అంటే షబ్నమ్, స్నో, ఐస్ రెండూ బర్ఫ్.

మిగతా సగం గోదావరి జిల్లాల్లో కళ్లముందే కనిపిస్తుంది. రొయ్యలు, చేపల పెట్టెల్లో పోసే గడ్డ ఐస్. ఫ్రిజ్ పైఅరలో గోడకు పట్టే తెల్లటి పొర ఫ్రాస్ట్. కవిగారి ఇంటిపేరూ అదే. చలికాలం పొద్దున్నే వరి ఆకుల మీద నిలిచే చుక్క డ్యూ. రాజమండ్రి వంతెనను కనబడకుండా కప్పేసేది ఫాగ్. పిల్లలు చూడనిది స్నో ఒక్కటే. బూరుగు దూది గాలికి ఎగిరి వచ్చి పడినట్టు మెల్లగా రాలుతుందని చెబితే ఊహకు అందుతుంది.

ఇప్పుడు ‘డస్ట్ ఆఫ్ స్నో’ తీయండి. హెమ్లాక్ చెట్టు మీది కాకి కదిలేసరికి పొడిలాంటి మంచు కింద ఉన్న మనిషి మీద రాలుతుంది. దిగులుగా ఉన్న అతని మనసు తేలికపడుతుంది. స్నోను ఐస్ అనుకున్న పిల్లాడు ఏకంగా నెత్తిన గడ్డ పడిందని రాస్తాడు. ఇంకో పొరపాటూ జరుగుతుంది. సోక్రటీసు తాగిన విషం హెమ్లాక్ వేరే మొక్క. కవితలోది అమెరికాలో పెరిగే, సూదుల్లాంటి ఆకులున్న పెద్ద చెట్టు. చివర్లో ‘రూడ్’ అనే మాట వస్తుంది. దాని అర్థం పశ్చాత్తాపపడటం, ఉర్దూలో పఛ్తానా.

‘ఫైర్ అండ్ ఐస్’ 1920లో అచ్చయింది. లోకం నిప్పుతో అంతమవుతుందా, ఐస్‌తోనా అన్నది అందులోని ప్రశ్న. కవి నిప్పును కోరికతో, ఐస్‌ను ద్వేషంతో పోలుస్తాడు. ఖ్వాహిష్, నఫ్రత్ అంటే ఇంట్లో అందరికీ తెలుసు. మనిషి మనసు నఫ్రత్‌తో గడ్డకట్టడమే ఆ ఐస్. ఇందులోని ‘సఫైస్’ అనే మాట కష్టంగా వినిపిస్తుంది. కానీ దాని అర్థం ‘సరిపోవడం’, అంటే ఉర్దూలో ‘కాఫీ’ అవడం.

బెరీమన్ రాసిన ‘ది బాల్ పొయెమ్’లో పిల్లాడి బంతి హార్బర్ నీళ్లలో పడిపోతుంది. హార్బర్ కాకినాడ పిల్లలకు కొత్త కాదు, ‘డైమ్’ మాత్రం కొత్త. అది 10 సెంట్ల నాణెం, డాలరులో పదో వంతు. డైము పెడితే ఇంకో బంతి వస్తుంది. అయినా కవి కొనివ్వడు. పోయినదాన్ని తట్టుకోవడం పిల్లాడే నేర్చుకోవాలంటాడు. సబర్ అనే మాట తెలిసిన ఇంట్లో ఈ కవితకు గైడు అక్కర్లేదు.

పరీక్షలో సమానార్థకాలు, వ్యతిరేక పదాలు, పద రూపాలు అడుగుతారు. వాటికీ దారి ఇదే. కవితకు ఐదారు మాటలు చాలు. ముందు కవితను పైకి చదివించాలి. తెలియని మాట వస్తే వెంటనే డిక్షనరీ తీయకుండా, పక్క లైన్లు చూసి అర్థం ఊహించమనాలి. తర్వాత సరిచూసుకోవాలి. నోటుబుక్‌లో ఇంగ్లీషు మాట, పక్కన తెలుగు, ఉర్దూ, ఆ కింద తన ఇంటి సంగతితో ఒక సొంత వాక్యం రాయించాలి. మర్నాడు, మూడు రోజులకు, వారానికి పుస్తకం మూసి మళ్లీ అడగాలి. ఒక్కసారి వంద మాటలు బట్టీ పట్టడం కన్నా ఇలా తిరిగి తిరిగి గుర్తు చేసుకున్న మాటే నిలుస్తుంది.

దీనికి తల్లిదండ్రులకు ఇంగ్లీషు రానక్కర్లేదు. ఇషా తర్వాత పది నిమిషాలు కూర్చుని, “ఈ మాటను మన భాషలో ఏమంటారో నాకు చెప్పు బేటా” అని అడిగితే చాలు. పిల్లలు జవాబు చెప్పలేకపోతే ఆ మాట ఇంకా రాలేదని తెలిసిపోతుంది. మర్నాడు టీచర్‌ను అడగాల్సింది ఆ మాటే.